ఆ ఫోన్ నాదే

సోలార్ ప్యానెల్‌ను ఎండెక్కక ముందే కడగాలి. అద్దం కాగిన తర్వాత చన్నీళ్ళు పడితే చిట్లుతుంది. అందుకే గంగాప్రసాద్, డ్రైవర్ కమాలుద్దీన్ ఖతార్‌లో దుఖాన్ రోడ్డు దిగి ఇసుక దారి పట్టేసరికి ఇంకా మసకగానే ఉంది. చలికాలపు మంచు బండి లైట్ల ముందు పొగలా కదులుతోంది. వెనక నీళ్ళ ట్యాంకు గతుకు గతుకుకీ గలగల్లాడుతోంది.

సెల్ టవర్ చుట్టూ ఇనుప జాలి. లోపల మూడు వరుసల ప్యానెళ్ళు, బ్యాటరీల పెట్టె, ఓ మూలన టార్పాలిన్ కప్పిన పాత జనరేటర్. ఒకప్పుడు ఆ జనరేటరే రాత్రింబవళ్ళు ఉరుముతూ టవర్‌ను నడిపేది. దాని పొగకు ఆ మూల జాలి ఇప్పటికీ నల్లగానే ఉంది. ఇప్పుడా పని సూర్యుడిది. మబ్బు పట్టి బ్యాటరీ అడుగంటితే తప్ప జనరేటర్ గొంతు విప్పదు.

గంగాప్రసాద్ అద్దం మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. రాత్రి మంచుకు తడిసిన దుమ్ము దాని మీద అట్ట కట్టింది. ముందు నీళ్ళు చిలకరించి నాననిచ్చాడు. ఎండు దుమ్మును రుద్దితే అద్దం మీద గీతలు పడతాయి. నానాక, పొడవాటి కర్రకు బిగించిన మెత్తని బ్రష్షుతో పైనుంచి కిందికి ఒకే దిక్కుగా తోసుకుంటూ పోయాడు. వెనకే కమాలుద్దీన్ వైపర్ లాగుతూ వచ్చాడు.

మొదటి వరుస పూర్తయ్యేసరికి రామసుబ్బమ్మ చాయ్ పట్టుకొచ్చింది. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. అల్ సద్‌లో ఒక ఇంట్లో పనికి వచ్చి, ఆ ఇంటి తాళాల మధ్య బతకలేక బయటపడింది. అప్పటి నుంచి ఆకామా, అంటే ఈ దేశంలో ఉండేందుకు ఇచ్చే కార్డు, లేదు. అలాంటి వాళ్ళను క్యాంపుల్లో ఖల్లివెల్లి అంటారు. టవర్ పక్కనున్న మజ్రా అనే తోటలో మేకలు చూసుకుంటూ, పగటిపూట వచ్చి పోయే పనివాళ్ళకు రొట్టెలు కాలుస్తూ, ఒక రేకుల గదిలో ఉంటోంది. ప్యానెళ్ళు కడగడానికి వీళ్ళిద్దరూ వచ్చిన రోజే ఆమెకు తెలుగు మాట వినబడేది.

ఈ రోజు ఆమె చేతిలో చాయ్ ఉంది గానీ మొహాన నవ్వు లేదు.

"నాయనా, మీ టవరు సచ్చిపోయిందా?" అంది గ్లాసు అందిస్తూ.

"ఎందుకు చిన్నమ్మా? మంచిగనే ఉన్నది గద."

"యాడ మంచిగుండాది? శానా దినాల నుంచి తెల్లారక ముందు పలకతా లేదు. ఎండ పొడిసినాక పలుకుతాది. ఎండ పొడిసినాక పలికితే నాకెందుకు, గోడకేసి కొట్టుకోనా?"

రవికలోంచి చిన్న బటన్ల ఫోన్ తీసి, వాళ్ళకు చూపించి, మళ్ళీ లోపల పెట్టుకుంది. కూతురు శివకుమారి నిండు నెలలతో ఉంది. అక్కడ ఇంటికంతా కలిపి ఒకటే ఫోన్. ఇక్కడ ఎండ పొడిచేసరికి అక్కడ బాగా పొద్దెక్కి, అల్లుడు ఆటోతో పాటు ఆ ఫోన్ కూడా పట్టుకుపోతాడు. ఇక్కడ సాయంత్రమైతే మజ్రాకు యజమాని తాలూకు మనుషులు వస్తూ పోతూ ఉంటారు, గొంతెత్తడానికి లేదు. తెల్లారక ముందు ఫజర్ అజాన్ వినబడే ఆ కాస్త వేళే ఆమెది. అప్పుడు మేకలు కూడా లేవవు.

"ఆ డీజిలు మిషను ఉన్నబ్బుడు చెవులు పగిలిపోయేటివి. అయినా ఫోను పలికేది. ఇబ్బుడు సద్దూ ల్యాదు, ఫోనూ ల్యాదు" అంది.

"టవర్ గూడ మనసొంటిదే చిన్నమ్మా. చలికి ముసుగు తన్ని పండుతున్నదేమో" అన్నాడు కమాలుద్దీన్.

"నవ్వాల నీ మాటకి. ఇంద, ఈ ఎర్రగడ్డ కారం తిను. నోరు మూతపడతాది."

"ఉల్లిగడ్డ అను చిన్నమ్మా. ఎర్రగడ్డ అంటె మా దిక్కు పిచ్చి దవాఖాన, తినబుద్ధి గాదు."

"తినబుద్ధి కాకుండానే పోయినసారి గిన్నె నాకినావు."

గంగాప్రసాద్ నవ్వలేదు. "మరి బిడ్డతోని మాట్లాడుతలేవా?" అని అడిగాడు.

"రోడ్డుకాడికి పోతాండా. ఆడ గట్టెక్కితే ఇంకో టవరు అందుతాది."

"రోడ్డు దిక్కు పోకు చిన్నమ్మా. పెట్రోలింగ్ బండ్లు తిరుగుతయి. కార్డు అడిగిన్రంటె ఏం జూపిస్తవ్?"

"తొలిచూలు నాయనా. పొద్దున్నే నా గొంతు ఇనకపోతే ఆ పిల్ల గంజి కూడా తాగదు. భయం దానికి. నేను పక్కన లేనని భయం."

"నేను చూస్త. మల్ల మేం వచ్చెదాక పోకు."

ఆమె ఖాళీ గ్లాసులు కొంగుతో తుడుచుకుని మేకల వైపు వెళ్ళిపోయింది.

*

తిరుగు దారిలో గంగాప్రసాద్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతల మలయాళీ కుర్రాడు హిందీలో చెప్పాడు. టవర్‌కు ఏ జబ్బూ లేదు. నిద్రలో ఉంటుంది, అంతే. మనుషులు లేని చోట టవర్ రాత్రంతా మేలుకుని ఉండటం దండగ కదా. అందుకని కంప్యూటరే అర్ధరాత్రి దాన్ని నిద్రపుచ్చుతుంది, ప్యానెళ్ళ మీద ఎండ పడగానే లేపుతుంది. బ్యాటరీ మిగులుతోంది. ఈ నెలలో అక్కడ జనరేటర్ ఒక్కసారి కూడా తిరగలేదు. పైవాళ్ళు చాలా సంతోషంగా ఉన్నారు.

"మనుషులు లేరని ఎవరు చెప్పిన్రు?" అని అడగబోయి గంగాప్రసాద్ ఆగిపోయాడు. ఎవరు చెప్పారో అతనికి తెలుసు.

కొన్ని వారాల కిందట, లుసైల్ ఆఫీసు నుంచి సుహాసిని మేడం టవర్ చూడటానికి వచ్చిన రోజది. కాకినాడ అమ్మాయి. చేతిలో ట్యాబ్, నెత్తిన హెల్మెట్. ఈ దేశంలో అతన్ని గారు అని పిలిచిన మొదటి మనిషి ఆమే.

"గంగాప్రసాద్ గారూ, తెల్లవారకముందు ఇక్కడ ఒక ఫోన్ కనిపిస్తోందండీ. చాలా రోజుల నుంచి. ఎవరిదో తెలుసా?"

రామసుబ్బమ్మ ఆ ఫోన్ పెట్టుకునే రవిక అతని కళ్ళ ముందు కదిలింది. దొరికిపోయింది, అనుకున్నాడు. చేతిలో ట్యాబ్ పట్టుకుని ఎవరైనా మనుషుల సంగతి అడిగితే నోటి వెంట వచ్చే మొదటి మాట లేదనే. అది క్యాంపులో ఎవరూ నేర్పరు. కొత్తగా విమానం దిగినవాడికి కూడా నాలుగు రోజుల్లో అదే వస్తుంది.

"ఆ ఫోన్ నాదే మేడం. ఈ దిక్కు టవర్లకు పోయేటప్పుడు ఈడ ఆగి చాయ్ తాగుతం."

"ఓ, మీదేనా. మరి రాత్రిళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరా?"

"ఎవ్వలుండరు మేడం. ఒంటెలు, మేకలు, గంతే."

మేడం నవ్వి ట్యాబ్ మీద వేలు పెట్టి ఏదో నొక్కింది. ఆమె బండి దుమ్ము లేపుకుంటూ పోయాక, గంగాప్రసాద్ రేకుల గది దగ్గరికి పోయి సంగతి చెప్పాడు. "అడిగింది చిన్నమ్మా, నీ ఫోన్ సంగతే అడిగింది. నేను చెప్పలే." రామసుబ్బమ్మ పిండి చేతులతోనే దండం పెట్టింది. "నువ్వు సల్లగుండాల నాయనా. ఎవురికీ చెప్పాకు" అంది. ఆ రోజంతా అతనికి కడుపు నిండినట్టుంది.

ఇప్పుడు బండిలో కూర్చుని అదంతా కమాలుద్దీన్‌కు చెప్పాడు.

కమాలుద్దీన్ కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేశాడు. "మంచికే చెప్పినవ్ గద భాయ్."

"మంచికే."

"ఇప్పుడు మేడంకు నిజం చెప్తే మనిషి బయటవడ్తది. చెప్పకపోతే మనిషి రోడ్డు మీదికి పోతది. ఏం జేస్తవ్?"

"బండి తిప్పు. అసలు సంగతి చిన్నమ్మకు చెప్పి వద్దాం."

"తిప్పుత. గని ఈ బండి ఎటు కదిలితే ఆఫీసుల కంప్యూటర్ మీద చుక్క అటు కదులుతది. మొన్న చాయ్ హోటల్ కాడ ఆగినందుకే ఫోర్‌మన్ నన్ను నిలబెట్టి అడిగిండు. తిప్పాల్నా?"

గంగాప్రసాద్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. టవర్ కొస ఇంకా కనబడుతోంది. తిప్పమని అనలేదు.

*

చెప్పాలా వద్దా అన్న ఆలోచనలోనే రెండు రోజులు పోయాయి. పొద్దున్నే లేవగానే ముందు కిటికీ తీసి మంచు ఎంత ఉందో చూసేవాడు. మంచు ఎక్కువుంటే రోడ్డు మీద మనిషి కనబడదు అని ఒకసారి, లారీవాళ్ళకు కూడా కనబడదు అని ఒకసారి అనుకునేవాడు.

ఆదివారం కొత్త బ్యాటరీ తెచ్చుకోవడానికి ఇద్దరూ లుసైల్ వెళ్ళారు. కమాలుద్దీన్ స్టోర్ ముందు సంతకాలు పెడుతుంటే గంగాప్రసాద్ రిసెప్షన్‌కు వెళ్ళి సుహాసిని మేడంను కలవాలన్నాడు. ఆమె కిందికి దిగి వచ్చేదాకా, మెరుస్తున్న ఆ నేల మీద తన బూట్ల మట్టి పడకుండా గుమ్మం పక్కనే నిలబడ్డాడు.

"ఏంటండీ, అక్కడే నిలబడ్డారు? లోపలికి రండి."

"పర్లేదు మేడం. ఒక మాట చెప్పాలె. ఆ తెల్లారగట్ల ఫోన్ నాది గాదు."

సుహాసినికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ట్యాబ్ తెరిచింది. ఖతార్ పటం నిండా చుక్కలు. మేలుకున్నవి పచ్చగా, రాత్రి నిద్రపోయే జాబితాలో ఉన్నవి బూడిద రంగులో ఉన్నాయి. దుఖాన్ వైపు, ఇసుక మధ్యన ఒక బూడిద చుక్క మీద వేలు పెట్టింది.

"ఇదేనా?"

"గదే మేడం. అక్కడ ఒకామె ఉంటది. మేకలు చూస్తది. పొద్దుగాల్నే బిడ్డకు ఫోన్ చేసుకుంటది." అక్కడితో ఆగాడు. తర్వాతి ప్రశ్నలు ఒక్కొక్కటే వస్తాయని ఎదురుచూశాడు. పేరేంటి, ఎవరి దగ్గర పని, కార్డుందా.

ఒక్కటీ రాలేదు.

"ఆ రోజే చెప్పుంటే బావుండేదండీ" అంది సుహాసిని మెల్లగా. "ఆ ఫోన్ ఎవరిదో మాకేమీ చూపించదు. పేరు రాదు, నంబరు రాదు. ఒక ఫోన్ ఉందీ అని మాత్రమే తెలుస్తుంది. ఒక్కటి ఉన్నా సరే, ఆ టవర్‌ని నిద్రపుచ్చకూడదు. అది నేను పెట్టించిన రూలే. అందుకే మిమ్మల్ని ప్రత్యేకంగా అడిగాను. మీదే అన్నారని ఆ ఫోన్‌ని లెక్కలోంచి తీసేశాను."

గంగాప్రసాద్ పటం వైపే చూస్తున్నాడు. కంప్యూటర్ ఆమెను చూసింది. ఇంత ఎడారిలో, మేకలు కూడా లేవని వేళ ఒక మనిషి మాట్లాడుతోందని అది పట్టుకుంది. లేదని చెప్పింది తను.

"ఆమె పేరు చెప్పాల్నా మేడం?"

"వద్దండీ. నాకు పేరుతో పని లేదు." ఆమె అప్పుడే ఏదో టైప్ చేయడం మొదలుపెట్టింది. "టవర్‌ని రాత్రంతా మేలుకుని ఉంచమని ఇప్పుడే రాసి పంపిస్తున్నాను. పైవాళ్ళు ఒప్పుకోవాలి. ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఈలోపు ఆవిడకి ఓ మాట చెప్పగలరా?"

"మా డ్యూటీ మల్ల గురువారమే ఆ దిక్కు."

"ఫోన్ చేయండి పోనీ."

చేశాడు. తెల్లారక ముందు టవర్ పలకదు, ఎండ పొడిచాక ఆ ఫోన్ రవికలో ఆగిపోయి ఉంటుంది. మజ్రాలో ఎవరికీ వినబడకూడదని ఆమె ఆపేసుకుంటుంది. ఆ సంగతి కూడా అతనికి తెలుసు. అయినా పార్కింగ్‌లో నిలబడి చేస్తూనే ఉన్నాడు.

*

గురువారం ఇసుక దారి పట్టేసరికి ఇంకా వెలుగు రాలేదు. గంగాప్రసాద్ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. రోడ్డు వదిలి ఎంత దూరం వచ్చినా సిగ్నల్ గీతలు పడిపోలేదు. టవర్ దగ్గరయ్యే కొద్దీ అన్నీ నిండుగా నిలబడ్డాయి.

"లేసింది భాయ్" అన్నాడు కమాలుద్దీన్. "ఇగ చిన్నమ్మ మనకు చాయ్ గాదు, పాయసం వొయ్యాలె."

మొదటి వరుస కడిగారు. చాయ్ రాలేదు. రెండో వరుస మధ్యలో గంగాప్రసాద్ బ్రష్షు జాలికి ఆనించి మజ్రా వైపు నడిచాడు. రేకుల గది తలుపుకు తీగ చుట్టి ఉంది. గడప పక్కన బోర్లించిన రెండు చాయ్ గ్లాసులున్నాయి. మేకలు దొడ్లోనే ఉన్నాయి, అరుస్తున్నాయి.

నీళ్ళ తొట్టి దగ్గర ఫరీదుద్దీన్ కనిపించాడు. మజ్రా పనివాళ్ళకు పెద్ద అతనే. గంగాప్రసాద్‌ను చూసి ముందు తల తిప్పుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి హిందీలో చెప్పాడు. మంగళవారం పొద్దున. మంచు దట్టంగా ఉంది. ఆమె రోడ్డు గట్టు మీద ఫోన్ చెవిన పెట్టుకుని నడుస్తోంది. నీళ్ళ ట్యాంకర్ ఒకటి మనిషిని చివరి క్షణంలో చూసి పక్కకు తిప్పి ఆగిపోయింది. వెనకే పోలీసు బండి వచ్చింది. దెబ్బలేమీ తగల్లేదు. ఏమైందమ్మా అని మంచిగానే అడిగారట. కార్డు చూపించమన్నారట. బట్టలైనా తీసుకోనివ్వలేదు, అట్నుంచి అటే తీసుకుపోయారు.

"మీ టవర్ బుధవారం నుంచి పొద్దున్నే బాగా పనిచేస్తోంది" అన్నాడు ఫరీదుద్దీన్ చివర్న. ఓదార్పుగానే అన్నాడు.

తీగ చుట్టిన ఆ తలుపు ముందు గంగాప్రసాద్ నిలబడి ఉండగానే ఫోన్ మోగింది. ఇండియా నంబరు.

"గంగాప్రసాదన్నేనా? నేను రామసుబ్బమ్మ కూతుర్ని, శివకుమారిని." గొంతు బలహీనంగా ఉంది. వెనకాల ఆసుపత్రి సందడి, ఇనుప మంచం కిర్రుమన్న చప్పుడు. పక్క గదిలోంచి మాట్లాడుతున్నంత స్పష్టంగా వినబడుతోంది. "అమ్మ ఈ నంబరు ఇచ్చింది, అవసరమైతే చెయ్యమని. రెండు దినాల నుంచి అమ్మ పలకతా లేదన్నా. ఆ పొద్దు మాట్లాడతా మాట్లాడతానే ఆగిపోయింది."

గంగాప్రసాద్ తలుపు మీది తీగ పట్టుకున్నాడు.

"రాత్రి ఆడబిడ్డ పుట్టిందన్నా. అమ్మకు చెప్తావా? నువ్వు చెప్తే నిమ్మళంగా ఉంటాది."

"చెప్త చెల్లె."

"టవరు బాగైందా అన్నా?"

"అయింది" అన్నాడు.

*

అల్ మన్సూరాలో ఫ్లాట్లు తుడిచే లూర్దమ్మ, పోలీసులకు దొరికిన ఆడవాళ్ళను ఊరికి పంపించేదాకా ఉంచే చోటికి చర్చివాళ్ళతో కలిసి బట్టలు, సబ్బులు పట్టుకెళ్తుంటుంది. పాలకొల్లు మనిషి. కమాలుద్దీన్ ఎవరెవరినో అడిగి ఆమె నంబరు సంపాదించాడు. శుక్రవారం గంగాప్రసాద్ ఒక ఉన్ని శాలువా, రెండు నైటీలు, ఒక కొబ్బరినూనె సీసా కొనుక్కుని వెళ్ళి అక్కడి కిరాణా కొట్టు ముందు ఆమె చేతికిచ్చాడు. ఆడబిడ్డ పుట్టిందని, తల్లీ పిల్లా బాగున్నారని చెప్పమన్నాడు.

ఆ పై శుక్రవారం అదే కిరాణా కొట్టు ముందు లూర్దమ్మ మళ్ళీ కనిపించింది.

"ఇచ్చానండీ. శాలువా అక్కడే కప్పేసుకుందండీ. మనవరాలి సంగతి చెప్తే ముందు నవ్వి, తర్వాత ఏడ్చి, మళ్ళీ నవ్వింది. ఎవరి పోలిక అని నన్నడుగుతుంది, నేనేదో చూసొచ్చినట్టు."

"ఎప్పుడు పంపిస్తరట?"

"కాయితాలవ్వాలంటండీ. ఇంకెన్నాళ్ళో తెలీదు. పురిటికి లేకపోయాను, పేరు పెట్టే వేళకైనా పంపుతారా అంటుంది." లూర్దమ్మ చేతిసంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. "అక్కడ ఆడాళ్ళంతా నిన్నెవరో పట్టిచ్చారు, ఆ టవర్ వాళ్ళే చెప్పుంటారు అన్నారంటండీ. ఈవిడికి ఎంత కోపం వచ్చిందో. మా గంగాప్రసాదు అట్టాంటోడు కాడు, పెద్ద మేడమొచ్చి నా ఫోను సంగతి అడిగినా చెప్పలా, ఆ బిడ్డ నోట్లోంచి ఒక్క మాట రాలా అని అందరితో పోట్లాడింది."

గంగాప్రసాద్ కొట్టు ముందున్న ఉల్లిగడ్డల బస్తా వైపు చూస్తూ నిలబడ్డాడు.

"దండాలు చెప్పమందండీ మీకు. నువ్వు దాచావు కాబట్టే ఇన్నాళ్ళూ ఉన్నానని చెప్పమంది." బస్సు మలుపు తిరుగుతోంది. లూర్దమ్మ అటు ఒక అడుగు వేసి ఆగింది. "మీరేమన్నా చెప్పమంటారా?"

చెప్పాల్సింది నాలుక చివరన ఉంది. నేను దాచింది నిన్ను కాపాడలేదు, నా మాటే నిన్ను రోడ్డు మీదికి నడిపించింది అని. ఈమె చేతికి సబ్బులిచ్చినట్టు ఇచ్చి పంపే మాట కాదది. అది చెబితే అక్కడ ఆమెకు ఇంకేం మిగులుతుందో కూడా అతనికి తెలియలేదు.

"బిడ్డది తల్లి పోలికేనట అని చెప్పు" అన్నాడు. అది కూడా అతనికి ఎవరూ చెప్పలేదు.

*

తర్వాతి డ్యూటీ రోజు మబ్బుగా ఉంది. జనరేటర్ మీది టార్పాలిన్ తీసి ఉంది. రాత్రి తిరిగినట్టుంది, గొట్టం ఇంకా గోరువెచ్చగానే ఉంది. మొదటి వరుస కడగడం అవగానే సుహాసిని మేడం నుంచి ఫోన్ వచ్చింది.

"గంగాప్రసాద్ గారూ, అక్కడే ఉన్నారా? మీ టవర్ గురించేనండీ. రాత్రంతా మేలుకుని ఉంటోంది. రెండు రోజులుగా ఎండ లేక డీజిల్ కూడా తాగుతోంది. కానీ ఆ తెల్లవారుజాము ఫోన్ మాత్రం కనిపించట్లేదు. పైనుంచి అడుగుతున్నారు. ఆవిడ ఉన్నారా అండీ?"

గంగాప్రసాద్ రేకుల గది వైపు చూశాడు. తలుపుకు తీగ అలాగే ఉంది. గ్లాసులు మాత్రం ఎవరో తీసేశారు. ఉంది మేడం అంటే చాలు, టవర్ మేలుకునే ఉంటుంది. ఒక్క మాట. అడిగినప్పుడు మాట మార్చడం తనకు కొత్తేమీ కాదు.

దొడ్లో మేక ఒకటి అరిచింది.

"ఎవ్వలుండరు మేడం" అన్నాడు. "ఒంటెలు, మేకలు, గంతే."

"సరేనండీ" అంది సుహాసిని.

ఫోన్ జేబులో పెట్టుకుని బ్రష్షు నీళ్ళలో ముంచాడు. అద్దం మీద పైనుంచి కిందికి, ఒకే దిక్కుగా తోయడం మొదలుపెట్టాడు. వైపర్ పట్టుకుని వెనకాల వస్తున్న కమాలుద్దీన్ ఆగిపోయాడు.

"భాయ్, ఆ వరుస కడిగినవ్ గద."

"ఎరికే" అన్నాడు గంగాప్రసాద్, తోస్తూనే.